ఒక మాట – నూరు యంత్రములు

బ్యాంకులో పాసుపుస్తకము అచ్చు వేయించుకొనునప్పుడుగాని, ఆసుపత్రిలో చీటీ వ్రాయించుకొనునప్పుడుగాని, కరెంటు బిల్లు చెల్లించి రసీదు పుచ్చుకొనునప్పుడుగాని, ఆ పేర్లును ఆ అంకెలును నిజముగా ఎక్కడ వ్రాయబడియున్నవో మనము సాధారణముగా ఆలోచింపము. కిటికీ కావల కూర్చున్న గుమాస్తా మీటలు నొక్కును, కాగితము వచ్చును, మనము ఇంటికి పోవుదుము. పూర్వము ఆ గుమాస్తా వెనుక ఒక బీరువా, బీరువాలో ఒక చిట్టా, చిట్టాలో మన పద్దు ఉండెడివి. నేడు ఆ బీరువా లేదు. చిట్టా పలుమారు ఆ ఊరిలోనే లేదు. అది ఎక్కడనో దూరమున, తాళము వేసిన చల్లని గదిలో, ఇనుప చట్రములయందు వరుసగా అమర్చిన యంత్రములలో ఉన్నది. ఆ యంత్రములకు సర్వర్లని పేరు. వానిలో భద్రపరుపబడిన చిట్టాకు డేటాబేసని పేరు.

ఈ చిట్టాల నేటి రూపమునకు మూలము 1970లో ప్రకటితమైన ఒక వ్యాసము. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు, ఎంతటి సమాచారమునైనను అడ్డువరుసలును నిలువువరుసలును గల పట్టికలుగా భావించి, ఒక పట్టికను మరియొక పట్టికతో జోడించి, కావలసిన సంగతి తీయవచ్చునని అందులో చూపెను. ఆ భావమునుండియే అనేక డేటాబేసులు పుట్టినవి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1986లో ఆరంభమైన పరిశోధన, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరు ధరించి, నేడు ఎవరైనను ఉచితముగా వాడుకొనదగిన డేటాబేసుగా లోకమంతట వ్యాపించియున్నది. ఇట్టి డేటాబేసులను కాపాడుటయే మా వృత్తి.

మా వృత్తిలో ఒక వింత కలదు. ఏండ్ల తరబడి మేము సేవ చేసిన యంత్రములలో అనేకములను మేము కన్నులార చూచి యెరుగము. హైదరాబాదులో కూర్చుండి, సముద్రముల కావలనున్న సర్వర్లను చూచుకొను తెలుగువారు నేడు వేలకొలది కలరు. అచ్చటి పగలు మనకు రాత్రి కనుక, ఇల్లంతయు నిద్రించుచుండగా ఒక గదిలో మాత్రము దీపము వెలుగుచుండును. మాలో ఒకరి తల్లిగారు ఒకనాటి రాత్రి కాఫీ తెచ్చి యిచ్చి, “కూచున్న చోటునుంచి కదలకుండా ఏం మరమ్మత్తురా నాయనా అది? చేతికి మసైనా అంటదు!” అని అడిగిరి. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగము.

దూరముననున్న యంత్రముతో మాటాడుటకు మొదట టెల్నెట్ అను పద్ధతి యుండెను. మనము ఇచ్చట అక్షరము కొట్టిన, అది తీగల వెంట పోయి అచ్చటి యంత్రమునకు చేరును. కాని దానిలో ఒక గొప్ప లోపము కలదు. పోస్టుకార్డు మీద వ్రాసిన సంగతిని దారిలో ఎవరైనను చదువగలిగినట్లు, టెల్నెట్ ద్వారా పంపిన రహస్యపదమును దారిలో పొంచియున్నవారు చదువగలరు. ఫిన్లండు దేశమున హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయములో అట్లే జరిగినది. దొంగలు రహస్యపదములను పట్టిరి. అప్పుడు అచ్చటి పరిశోధకుడు టాటూ యులోనెన్ 1995లో సెక్యూర్ షెల్ అను సాధనమును రచించెను. దీనిని పొట్టిగా ఎస్.ఎస్.హెచ్. అందురు. ఇందు మాటలన్నియు ముద్రవేసిన కవరులో పోవును. దారిలో ఎవరు విప్పినను అర్థము కాదు. ఇందులో తాళమును తాళపుచెవియు వేరువేరు. తాళమును ఎన్ని సర్వర్లకైనను తగిలింపవచ్చును. చెవి మాత్రము మనవద్దనే యుండును. నేటికిని దూరపు సర్వర్ల పాలనయంతయు ఈ దారి మీదనే ముఖ్యముగా నడచుచున్నది.

దారి యేర్పడినది. కాని పని తేలిక కాలేదు. నలుబది సర్వర్లలో ఒకే మార్పు చేయవలసివచ్చినదనుకొందము. ఒక్కొక్కదానిలో ప్రవేశించి, అదే ఆజ్ఞను నలుబదిమార్లు వ్రాయవలెను. మొదటి పదింటిలో మనస్సు నిలుచును. ఇరువదియవ దానికి కన్ను బరువెక్కును. ముప్పదియేడవ దానిలో ఒక సున్న తప్పిపోవును. ఆ తప్పు ఆనాడు తెలియదు. మూడు నెలలకు, ఎవరికిని తోచని వేళ తెలియును. ఇంతేకాదు. ఒక రాత్రి ఒకరు తొందరలో చేసిన చిన్న సవరణ ఏ కాగితము మీదను ఎక్కదు. ఈ విధముగా ఒకే కడుపున పుట్టిన బిడ్డలవంటి సర్వర్లు రెండేండ్లలో ఒకదానికొకటి పోలిక లేకుండ మారిపోవును. ఏది ఎందుకట్లున్నదో చెప్పగలిగిన ఒక్క మనిషి ఉద్యోగము మారిపోయిన, ఇక చెప్పువారే యుండరు.

ఈ చిక్కును తీర్చుటకు పుట్టిన పనిముట్లలో యాన్సిబుల్ అనునది మిక్కిలి వాడుకలో నున్నది. మైఖేల్ డిహాన్ అను అమెరికా దేశీయుడు దీనిని 2012లో వెలువరించెను. 2015లో రెడ్ హ్యాట్ సంస్థ దీనిని తనలో చేర్చుకొన్నది. ఇందులో రంగు బొమ్మలును మీటలును లేవు. నల్లని తెర మీద ఒక పంక్తి ఆజ్ఞ వ్రాసి, ఎంటరు మీట నొక్కుటయే పని. ఆ ఆజ్ఞకు రెండు కాగితములు ఆధారము. మొదటిది జాబితా. మన పాలనలోనున్న సర్వర్ల పేర్లు, అవి ఏ గుంపునకు చేరినవో, అందులో నుండును. పెండ్లి పిలుపులకు వ్రాసుకొను జాబితా వంటిదే యిది. పెండ్లికొడుకువారు, పెండ్లికూతురువారు, ఊరివారు అని విభజించుకొన్నట్లు, ఇందును ప్రధాన డేటాబేసులు, ప్రతి డేటాబేసులు, పరీక్షకు వాడునవి అని విభజింతుము. రెండవది పనిపట్టిక. ఏ గుంపులోని యంత్రము ఏ స్థితిలో నుండవలెనో, అందులో వరుసగా వ్రాసియుండును.

దూరపు యంత్రములలో ముందుగా ప్రత్యేకమైన పరిచారకు నెవరిని కూర్చుండబెట్టనక్కరలేకపోవుట ఈ పనిముట్టు సుగుణము. ఎస్.ఎస్.హెచ్. దారియును, సాధారణముగా ప్రతి లినక్సు యంత్రములో నుండు పైథాన్ అను భాషయును ఉన్న చాలును. ఆజ్ఞ పోవును, చిన్న కార్యక్రమమును అచ్చట నడిపించును, ఫలితమును తీసికొని మరలి వచ్చును, వెనుక ఏమియు విడువదు. మనము వేరుగా చెప్పనియెడల, ఒకమారునకు అయిదు యంత్రములతో మాటాడుచు జాబితా చివరివరకు పోవును.

ఈ పత్రికను చేతబట్టినవారు రేడియో శ్రోతలు కనుక, మీకు సులభముగా తెలియు పోలిక యొకటి చెప్పెదము. ఆకాశవాణిలో ఒక్కరు మాటాడిన లక్షమంది విందురు. కాని విన్నవారెవరో, నిద్రించినవారెవరో, మధ్యలో మీట త్రిప్పివేసినవారెవరో ప్రసంగించువారికి ఆ క్షణమున తెలియదు. ఈ పనిముట్టు అట్లు కాదు. ఒక మాట నూరు యంత్రములకు పోవును. నూరు జవాబులు తిరిగి వచ్చును. “ఇచ్చట అంతయు మీరు కోరినట్లే యున్నది” అని ఒకటి పచ్చరంగులో చెప్పును. “మీరు కోరినట్లు మార్చితిని” అని యొకటి పసుపురంగులో చెప్పును. “నావల్ల కాలేదు” అని యొకటి ఎర్రరంగులో చెప్పును. “ఆ యంత్రము పలుకుట లేదు” అను జవాబు కూడ ఎర్రరంగులోనే వచ్చును.

యాన్సిబుల్ అను పేరుకును ఒక కథ కలదు. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1966లో ప్రకటించిన తన నవలలో, నక్షత్రముల మధ్యనైనను క్షణములో మాట చేరవేయు ఒక ఊహాయంత్రమునకు ఈ పేరు పెట్టిరి. జవాబు చెప్పగలది అను అర్థముగల ఆంగ్లపదమును కుదించి దీనిని చేసిరందురు. ఈ అర్థమును శ్రోతలు మనస్సున నుంచుకొనవలెను. చివర దీనితో మాకు పనియున్నది.

ఇక ఈ విద్యకు ఆయువుపట్టయిన సంగతి. ఆజ్ఞలు రెండు విధములు. “దీపపు మీట నొక్కుము” అనునది ఒక విధము. “గదిలో దీపము వెలుగుచుండవలెను” అనునది రెండవ విధము. మొదటి ఆజ్ఞను పొరపాటున రెండుమార్లు పాటించిన దీపము ఆరిపోవును. రెండవ ఆజ్ఞను పదిమార్లు పాటించినను నష్టము లేదు. వెలుగుచున్న దీపమును చూచి సేవకుడు ఊరకుండును. యాన్సిబుల్ పనిపట్టికలో సాధ్యమైనంతవరకు రెండవ విధమైన ఆజ్ఞలే వ్రాయవలెను. “ఈ పేరుగల వాడుకరిని చేర్చుము” అని కాదు, “ఈ పేరుగల వాడుకరి, ఈ అధికారములతో ఉండవలెను” అని. మధ్యలో తీగ తెగి పని సగములో ఆగినను, మరల మొదటినుండి నడిపింపవచ్చును. అయినవి అయినట్లుండును, కానివి యగును.

అయితే అన్ని పనులును ఈ మూసలో ఒదగవు. “జీతములన్నియు నూటికి పదివంతున పెంచుము” అని డేటాబేసునకు నేరుగా చెప్పిన ఆజ్ఞ, రెండవమారు నడచిన రెండవమారు పెంచును. నూరు రూపాయలు నూటపది కావలసినచోట నూటయిరువదియొకటి యగును. పనిముట్టు దీనిని కనిపెట్టలేదు. అట్టిచోట, ఈ పని యిదివరకు జరిగినదా అని ముందుగా ప్రశ్నించు ఏర్పాటు మనమే చేయవలెను.

డేటాబేసు సర్వరు తక్కిన సర్వర్లవంటిది కాదు. బొమ్మలు చూపు సర్వరు పాడైన, దానిని తుడిచివేసి అరగంటలో మరియొకటి నిలుపవచ్చును. డేటాబేసులో నున్నది జ్ఞాపకము. నిన్న సాయంకాలము ఎవరో చెల్లించిన సొమ్ము, ఈ ఉదయము ఎవరికో వ్రాసిన మందు – ఇవి పోయిన, ఏ పనిపట్టికయు తిరిగి పుట్టింపలేదు. మరియు డేటాబేసు ఎప్పుడును ఎవరితోనో మాటాడుచుండును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో కొన్ని మార్పులకు నియమముల కాగితమును మరల చదువుమని చెప్పిన చాలును, సంభాషణలు తెగవు. కొన్ని మార్పులకు దానిని ఆపి మరల లేపవలెను. అప్పుడు సంభాషణలన్నియు తెగును. జ్ఞాపకశక్తిలో ఎంత భాగము తనకై కేటాయించుకొనవలెనో చెప్పు అంకె ఈ రెండవ జాతిలోనిది. ఈ ఒక్క భేదము మరచుటవలన మాకు కలిగిన అవమానమును దాచుకొనక చెప్పెదము.

కొన్నియేండ్ల క్రిందట ఆరు ఊళ్ళలోని ఆసుపత్రులకు చెందిన ఆరు డేటాబేసు సర్వర్లు మా పాలనలో నుండెను. అందు రెండు క్రొత్తవి. ఒక్కొక్కదానికి 64 గిగాబైట్ల జ్ఞాపకశక్తి. తక్కిన నాలుగును పాతవి. వానికి 8 గిగాబైట్లే. క్రొత్తవాని వేగము పెంచుటకై, డేటాబేసునకు 16 గిగాబైట్లు కేటాయింపుమని పనిపట్టికలో వ్రాసితిమి. నియమముల కాగితము మారినయెడల డేటాబేసును ఆపి లేపుమని దాని క్రిందనే వ్రాసియున్నది. ముందుగా ఉత్తుత్తి పరీక్ష చేసితిమి. ఏమి మారునో చెప్పి, ఏమియు మార్చక ఊరకుండు పరీక్ష అది. “ఆరు యంత్రములలో కాగితము మారును” అని తెర చెప్పినది. ఆరు అను మాటను చదివితిమి, కాని వినలేదు. రెండు క్రొత్త యంత్రముల గుంపు పేరు వ్రాయవలసినచోట, అన్నియు అను మాట వ్రాసియుంటిమి.

తెల్లవారి యెనిమిది గంటలకు ముందు మీట నొక్కితిమి. ఆరు యంత్రములలో కాగితము మారినది. ఆరును ఆగినవి. రెండు లేచినవి. ఎనిమిది గిగాబైట్ల యంత్రము పదునారు గిగాబైట్లను ఎక్కడనుండి తెచ్చును? నాలుగును లేవలేదు. తెర ఎర్రబారినది. నాలుగు ఊళ్ళలో ఆసుపత్రి కిటికీల వద్ద ఉదయపు రోగులు వరుసలో నిలిచియున్నారు. పాత అంకెను మరల వ్రాసి, నాలుగు యంత్రములను లేపి, అన్నియు సరిగా నున్నవని చూచుకొనుసరికి ఇరువదిమూడు నిమిషములు పట్టినది.

సమాచారమేమియు పోలేదు. అయినను ఆ ఇరువదిమూడు నిమిషములు మేము మరువలేదు. తరువాత ఒక ఊరి ఆసుపత్రికి వేరొక పనిమీద పోయినప్పుడు, కిటికీ వద్దనుండు గుమాస్తాగారు ఒక నోటుపుస్తకము తెచ్చి చూపిరి. ఆ ఉదయము యంత్రము పలుకకపోగా, ఆయన పెన్నుతో గీతలు గీసి, వచ్చినవారి పేరు, వయస్సు, ఊరు, ఎవరిని చూడవలెనో వరుసగా వ్రాసిరి. జ్వరముతో నున్న ఒక బిడ్డను వరుస తప్పించి ముందుకు పంపినట్లు ప్రక్కన గుర్తు పెట్టిరి. “మీ యంత్రం ఆగితే మేమున్నాం గదండీ” అని నవ్విరి. ఆ మాటలో నింద లేదు. అందుచేతనే మాకది గ్రుచ్చుకొన్నది. కాడ్ మహాశయుడు చెప్పిన అడ్డువరుసలు, నిలువువరుసలు ఆ నోటుపుస్తకములో చక్కగా నున్నవి.

మా పొరపాటు ఎంతలోనుండినదో ఆలోచించితిమి. ఒకటి: యంత్రములన్నింటిని ఒక్కమారుగా తాకితిమి. ఒకదాని తరువాత నొకటిగా పొమ్మని పనిపట్టికలో ఒక్క పంక్తి వ్రాసియుండిన, మొదటి పాత యంత్రము లేవకపోగానే పనిముట్టు అచ్చటనే ఆగియుండును. తక్కిన ఊళ్ళకు ఏమియు తెలిసియుండెడిది కాదు. రెండు: అంకెను గ్రుడ్డిగా వ్రాసితిమి. ప్రతి యంత్రమును ముందుగా తన జ్ఞాపకశక్తి ఎంతయో పనిముట్టునకు చెప్పుకొనును. అందులో నాలుగవ వంతు కేటాయింపుమని వ్రాసియుండిన, పెద్దదానికి పెద్దపాలు, చిన్నదానికి చిన్నపాలు వచ్చియుండును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గ్రంథమును మొదట నాలుగవ వంతుతోనే ఆరంభింపుమని చెప్పుచున్నది. మూడు: ఉత్తుత్తి పరీక్షను నమ్మితిమి. కాగితము మారునని అది చెప్పగలదు. మారిన కాగితముతో డేటాబేసు లేవగలదా అనునది చెప్పలేదు. నాలుగు: పని చేయుటకు ఎన్నుకొన్న వేళ తప్పు.

ఇట్టివి చిన్నవారికే జరుగునని అనుకొనరాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను పేరుపొందిన సంస్థలో ఒక ఇంజనీరు, రాత్రివేళ ప్రతి డేటాబేసును బాగుచేయుచు, తానున్నది ప్రతి యంత్రమునందే యనుకొని, ప్రధాన యంత్రములోని నిధిని తుడిచివేయు ఆజ్ఞ నిచ్చెను. ఒకటి రెండు క్షణములలోనే తెలిసికొని ఆపెను. సుమారు 300 గిగాబైట్లలో మిగిలినది నాలుగున్నర గిగాబైట్లు. పోనీ, ప్రతిదినము తీసిపెట్టు నకళ్ళు ఉన్నవిగదాయని చూడగా, నకలు తీయు కార్యక్రమపు సంచిక పాతది, డేటాబేసు సంచిక క్రొత్తది అగుటచే ఆ నకళ్ళు అసలు తయారగుటయే లేదు. తయారగుట లేదని తెలుపు ఉత్తరములను అవతలి ఉత్తరపు యంత్రము త్రోసివేయుచున్నది. అదృష్టవశమున ఆరుగంటల ముందు వేరొక పరీక్షకై చేతితో తీసిన ఒక నకలు దొరికినది. ఆ యారుగంటల సమాచారము మాత్రము పోయినది. ఈ సంగతినంతయు ఆ సంస్థవారు దాచక, బాగుచేయుచున్న పనిని ప్రజలు చూచుచుండగనే నడపి, తరువాత తప్పులన్నింటిని వివరముగా ప్రకటించిరి. తమ ఇంజనీరును నిందింపలేదు. మా వృత్తిలోనివారందరును దానిని చదివి నేర్చుకొన్నారు.

ఇట్టి అనుభవములనుండి మాకు కొన్ని ఆచారము లేర్పడినవి. మడి కట్టుకొన్నవారు నియమము తప్పనట్లు వీనిని తప్పము. క్రొత్త పనిపట్టికను మొదట పరీక్షాయంత్రము మీద, పిమ్మట ఒక్క ప్రతి డేటాబేసు మీద, తరువాత తక్కిన ప్రతుల మీద, చివరకు మాత్రమే ప్రధానము మీద నడుపుదుము. ఆజ్ఞ వ్రాసి మీట నొక్కుటకు ముందు, ఏయే యంత్రములకు పోవునో జాబితా తెప్పించి, రెండవవారికి పైకి చదివి వినిపింతుము. కన్ను దాటవేసినదానిని చెవి పట్టుకొనును. రహస్యపదములను పనిపట్టికలో బాహాటముగా వ్రాయక, యాన్సిబుల్‌లోనే యున్న పెట్టెలో తాళమువేసి ఉంచుదుము. ప్రతి మార్పును ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేసిరో కాగితమున కెక్కింతుము. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. నకలు తీసితిమని తృప్తిపడక, ఆ నకలునుండి డేటాబేసును వేరొక యంత్రములో మరల లేపి, అందులోని లెక్కలు సరిపోవుచున్నవా యని నియమముగా చూచెదము. తినిచూడని ఆవకాయ జాడీలో నేమున్నదో ఎవరికి తెలియును? లేపిచూడని నకలును అట్టిదే.

కమాండు లైను వలన మనిషికి వచ్చినది సుఖమా, ప్రమాదమా అని అడుగవచ్చును. రెండును వచ్చినవి. చేతితో చేసినప్పుడు ఒక తప్పు ఒక యంత్రమును పాడుచేయును. పనిముట్టుతో చేసినప్పుడు ఒక తప్పు నూటిని పాడుచేయును. కాని చేతితో చేసిన తప్పు గాలిలో కలిసిపోవును. పనిపట్టికలో వ్రాసిన తప్పు కంటికి కనబడును. కనబడిన తప్పును దిద్దవచ్చును; దిద్దినదానిని తరువాతివారికి అప్పగింపవచ్చును. నేడు మా పనిపట్టికలో ఒకదాని తరువాత నొకటి అను ఆ ఒక్క పంక్తి ఉన్నది. దాని ప్రక్కన, ఇది యెందుకు వ్రాయవలసివచ్చెనో ఆ యుదయపు తేదీతో సహా వ్రాసియుంచితిమి. మేము లేనినాడు వచ్చువారు దానిని తీసివేయకుందురుగాక.

పేరు సంగతి చివర చెప్పెదమంటిమి. జవాబు చెప్పగలది అని ఆ పనిముట్టునకు పేరు. నూరు యంత్రములు జవాబు చెప్పును. కాని కిటికీ వద్ద నిలిచియున్న రోగికి, పాసుపుస్తకము పట్టుకొని వచ్చిన వృద్ధునికి, నోటుపుస్తకములో గీతలు గీసిన గుమాస్తాకు యంత్రము జవాబు చెప్పదు. వారికి జవాబు చెప్పవలసినవారము మేము. చేతికి మసి యంటని మరమ్మత్తు ఏమిటని అడిగిన ఆ తల్లిగారికి, అమ్మా, మా చేతికంటుకొను మసి యిదియేనని మనవి చేయుచున్నాము.